బారికి సొంత మాట

సీలపుట్టు బారికి గాసి ఒంట్లో దేవుడు శ్రద్ధగా చేసినవి రెండే రెండని ఊళ్ళో వేళాకోళం. ఒకటి గొంతు, రెండు కాళ్ళు. మిగిలిన మనిషిని ఆ రెండూ విడిపోకుండా అతికించాడట. చూడ్డానికి ఎండుకట్టెలా ఉంటాడు గానీ, గొంతు విప్పాడంటే కాఫీ తోటల్లో పళ్ళు ఏరేవాళ్ళు చేతులాపి చెవులు ఇటు పెడతారు.

బారికి అంటే ఊరి కబురు మోసేవాడు. చావు కబురు, పెళ్ళి కబురు, పండగ చాటింపు, పక్క ఊరితో పేచీ వస్తే అటు మాట ఇటు, ఇటు మాట అటు. తాతల నాటి కొలువది. నెల జీతం లేదు. కోతలయ్యాక ఇంటింటా చేటెడు చోళ్ళో, సామలో పోస్తారు. చోళ్ళంటే రాగులు. ముంచింగిపుట్టు సంత దాటి, తారురోడ్డు వదిలి, గెడ్డ అని పిలిచే కొండవాగు వెంట మట్టిదారిన పోతే ముందు సీలపుట్టు వస్తుంది. గెడ్డలో దిగి ఆవలి గట్టెక్కితే గుమ్మడిగరువు. ఈ రెండు ఊళ్ళ మధ్యా గాసి నడిచిన నడకని సాగదీస్తే విశాఖపట్నం సముద్రం దాకా పోయి వెనక్కి వస్తుందని అతని భార్య సోములమ్మ అంటుంది. మెచ్చుకోలుగా మాత్రం కాదు.

తండ్రి పోతూ పోతూ గాసికి ఒక చేతికర్రా, కొన్ని కట్టుబాట్లూ అప్పజెప్పాడు. కబురు ఏదైనా సరే, వాకిట్లో నిలబడి, మనిషి ముఖం చూస్తూ చెప్పాలి. విన్నవాళ్ళు చెంబుడు నీళ్ళిస్తారు. నీళ్ళిచ్చారంటే మాట ముట్టినట్టు. ఇవ్వలేదంటే ముట్టనట్టే, దాన్ని మోసుకుని వెనక్కి పోవాల్సిందే. మాట తీసుకెళ్ళినవాడు జవాబు తేవాలి, తెచ్చిన జవాబు చెప్పేదాకా గుక్కెడు నీళ్ళయినా తాగకూడదు. ఇవన్నీ పాటించినవాడి మీద ఎవరూ చెయ్యెత్తరు. ఎందుకంటే బారికి నోట పలికే మాట బారికిది కాదు, ఊరిది. ఇన్ని కట్టుబాట్లు ఎందుకని గాసి అడగలేదు, తండ్రీ చెప్పలేదు.

పైకి చెప్పని కట్టుబాటు మరొకటి ఉండేది. అది గాసి కాళ్ళకే తెలుసు. ఒకసారి సీలపుట్టు ఎద్దు గుమ్మడిగరువు వలిసె చేలో పడి కడుపారా మేసింది. అక్కడి పెద్ద, అందరూ నాయుడనే పిలిచే ఫల్గుణ, ఎద్దు కాళ్ళు విరిచి పంపుతామని కబురు పెట్టాడు. గాసి గెడ్డలో దిగి, మోకాలి లోతు చన్నీళ్ళలో నడిచి, ఈవలి గట్టెక్కి, ఊపిరి తీసుకుని చెప్పేసరికి ఆ మాట "ఎద్దుని కట్టేసుకోమన్నారు" అయింది. తక్కిన ముక్కలేమయ్యాయిరా అని ఎవరైనా అడిగితే, ఎక్కుడులో ఆయాసానికి జారిపోయినాయి అనేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఈ రెండు ఊళ్ళ విషయంలో మంచితనం నోటిది తక్కువ, ఆ నిటారు గట్టుది ఎక్కువ.

కూతురు భానుని గుమ్మడిగరువు రవిబాబుకి ఇచ్చాడు. ఆ సంబంధం మాటలు కూడా తనే మోశాడు. ఈ ఏడు వేసవి చివర భానుకి ఆడపిల్ల పుట్టింది. బిడ్డకి తొలి అంబలి చుక్క అమ్మమ్మ ఇంట్లోనే నాకించాలని వాళ్ళ ఆచారం. కొత్త చోళ్ళు దిగగానే తీసుకొస్తామన్నారు. సోములమ్మ అందుకోసం మంచి వెన్నుల్ని విడిగా ఏరి ఉంచింది.

ఈలోగా కొండ మీద టవర్ వచ్చింది. టవర్ వెనకే ఫోన్లు వచ్చాయి, ఫోన్ల వెనకే గ్రూపు వచ్చింది. కామేష్ అనే కుర్రాడు డిగ్రీ సగంలో ఆపేసి జీపు తోలుకుంటున్నాడు. అతనే "మన సీలపుట్టు" అని గ్రూపు పెట్టి ఊరందరినీ అందులో చేర్చాడు. ఇక చావు కబురుకి, సంత కబురుకి గాసితో పని లేకపోయింది. కొన్నాళ్ళు వాకిట్లో కూర్చుని తన కాళ్ళ వంక తనే చూసుకున్నాడు. పని లేని మంగలి పిల్లి తల గొరిగాడన్నట్టు, సోములమ్మకి వంటలో సలహాలు చెప్పి తిట్లు కూడా తిన్నాడు.

కామేష్ తెలివైనవాడు. ఊళ్ళో సగం మందికి చదువు రాదని, రాసి పెట్టినా లాభం లేదని గమనించాడు. ఒకరోజు గాసి దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"బాబాయ్, నేను రాసింది నీకు సదివి సెప్తాను. నువ్వు నీ గొంతుతో ఫోన్‌లో సెప్పు. అందరూ ఇంటారు."

"నడక్కర్లేదా?"

"మంచం దిగక్కర్లేదు."

గాసి మోకాళ్ళు ఆ మాటకి గాసి కంటే ముందే ఒప్పుకున్నాయి. మొదటి చాటింపు కాఫీ పళ్ళ రేటు గురించి. "ఓ సీలపుట్టోళ్ళారా, ఇనండి" అని పాత పద్ధతిలోనే ఎత్తుకున్నాడు. చెప్పి వేలు తీశాడో లేదో బొటనవేళ్ళూ, దండం పెట్టే చేతులూ టపటపా రాలాయి. నలభై ఏళ్ళు కాళ్ళరిగేలా తిరిగినా చెంబుడు నీళ్ళే ఇచ్చిన ఊరు, ఇప్పుడు ఇన్ని దండాలు పెడుతుంటే ఎవరికి మాత్రం చేదు? ఆ రాత్రి తన గొంతు తనే నాలుగైదుసార్లు పెట్టుకుని విన్నాడు. బాగుందనిపించింది.

అక్టోబరు చివర తుఫాను వానలు పట్టాయి. వానలు వెలిశాక సీలపుట్టు కుళాయిల్లో నీళ్ళు రావడం మానేశాయి.

ఇక్కడ ఆ కొండ సంగతి ఒకటి చెప్పుకోవాలి. రెండు ఊళ్ళకీ నీళ్ళు వచ్చేది పైనున్న ఒకే ఊట నుంచి. ఊట దగ్గర బయల్దేరిన పైపు కిందకి దిగాక రెండుగా చీలి, ఒకటి ఇటు, ఒకటి అటు పోతుంది. ఊట దగ్గర నీళ్ళ తల్లి ఉంది. అక్కడికి ఒక ఊరివాళ్ళు ఒంటరిగా వెళ్ళకూడదు. రెండు ఊళ్ళూ కలిసి వెళ్ళి, కోడినిచ్చి, అప్పుడే మట్టి తియ్యాలి. ఒంటరిగా వెళ్ళిన ఊరికి నీళ్ళు ఎండిపోతాయని పెద్దల మాట. పెద్దలకి దేవుడి భయం ఎంతుందో గానీ మనుషుల సంగతి మాత్రం బాగా తెలుసు. ఎవరూ చూడకుండా నీళ్ళు తమవైపు మళ్ళించుకుంటారేమోనన్నది అసలు భయం. అందుకని నీళ్ళు ఆగినప్పుడల్లా బారికి గెడ్డ దాటి వెళ్ళి "ఊటకి రండి" అని పిలిచేవాడు. అది వాడి పనుల్లోకెల్లా పెద్ద పని.

ఈసారి గాసి కర్ర అందుకునేలోపే గ్రూపులోకి ఒక ఫొటో వచ్చింది. నల్లటి పైపు, కత్తితో కోసినట్టు నున్నటి కోత. ఎవరు తీశారో, ఎక్కడి నుంచి వచ్చిందో తెలీదు. కింద ఎవరో రాశారు, గుమ్మడిగరువోళ్ళు ఊటకి ఒంటరిగా వెళ్ళి మన పైపు కోసేశారని.

ఇంకేముంది, ఊరు భగ్గుమంది. కాఫీ పళ్ళు ఒలిచి కడగాల్సిన రోజులవి. నీళ్ళు లేక పళ్ళు పులిసి కంపు కొడుతుంటే, మనిషి మనసు కూడా అలాగే పులుస్తుంది. ఒకడు దొంగలన్నాడు. ఇంకొకడు ఆ మాట చప్పగా ఉందనుకుని మరొకటి అన్నాడు. నిన్నటి మాటకి ఇవాళ బొటనవేళ్ళు రావు కదా, అందుకని రోజూ కాస్త కారం ఎక్కువ వెయ్యాల్సి వచ్చింది. వాళ్ళు ఊట దగ్గర గొడ్డళ్ళతో కాపలా కాస్తున్నారని ఒకరు పెట్టారు. ఎవరు చూశారని అడిగిన ముసలాయన్ని, నువ్వెవరి మనిషివి అని నిలదీసి గ్రూపులోంచి తీసేశారు. అప్పటి నుంచి అడిగేవాళ్ళు లేరు. అడిగేవాళ్ళు లేకపోయేసరికి ఊరంతా ఒక్క మాట మీద ఉందని అందరూ సంతోషించారు.

ఆ మాటలన్నీ ఊరికి వినిపించింది గాసి గొంతే. కామేష్ రాసేవాడు, గాసి పలికేవాడు. బారికి మాటని తూచకూడదు, మొయ్యాలి, అంతేనని తనకి తను చెప్పుకునేవాడు. మొయ్యడం లేదన్న సంగతి మాత్రం తట్టలేదు.

"భాను అక్కడుంది, మరవకు," అంది సోములమ్మ ఒకనాడు, చోళ్ళు చెరుగుతూ.

"ఇది మన గ్రూపు. వాళ్ళకి ఇనపడదు."

"కొండ మీద అరిసినోడు కూడా అలాగే అనుకుంటాడు."

గాసి వినిపించుకోలేదు. ఆ సాయంత్రం కామేష్ పంపింది మంచం మీద కూర్చునే చెప్పాడు. "ఓ సీలపుట్టోళ్ళారా, ఇనండి. ఇయ్యాల్టి నుంచి గుమ్మడిగరువు మగోడు గానీ, ఆడది గానీ, సంకలో పిల్ల గానీ గెడ్డ దాటి మన గట్టెక్కకూడదు. ఎక్కితే మరేద దక్కదు." మాట చివర ఎప్పటిలాగే గొంతు సాగదీసి, కొస విరిచాడు. మునుపెన్నడూ లేనన్ని బొటనవేళ్ళు వచ్చాయి.

భాను వస్తానన్న రోజు వచ్చింది. సోములమ్మ తెల్లారే అంబలి కాచింది. పొద్దెక్కింది, పొద్దు వాలింది, గెడ్డ దారిలో ఎవరూ కనపడలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. చీకటి పడబోతుండగా అల్లుడు రవిబాబు నుంచి ఏదో వచ్చింది. మాటల్లేవు, ఒక ఆడియో మాత్రం ఉంది. గాసి నొక్కాడు. "సంకలో పిల్ల గానీ" అని తన గొంతే వినిపించింది.

ఇటు గ్రూపులో ఉన్నవాడి బావమరిది అటు గ్రూపులో ఉంటాడు. మాట పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అన్నారా? ఇక్కడ దాటాల్సింది గెడ్డే కదా.

సోములమ్మ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది గాసికి. అంబలి కుండ తీసి గొడ్లకి పోసి వచ్చి, గోడవైపు తిరిగి పడుకుంది. గాసికి ఆ రాత్రి తన గొంతు మీద తనకే అసహ్యం వేసింది.

తెల్లారగానే కర్ర తీసుకుని బయల్దేరాడు. గెడ్డ నీళ్ళు చల్లగా మోకాళ్ళని కొరికాయి. గట్టు మునుపటి కంటే నిటారుగా ఉన్నట్టనిపించింది. గుమ్మడిగరువు మొదట్లో కుర్రాళ్ళు కొందరు లేచి నిలబడ్డారు, ఒకడు ఫోన్ ఎత్తి వీడియో తీశాడు. కర్ర చూసి ఎవరూ ముట్టుకోలేదు.

భాను వాకిట్లో ఉంది. బిడ్డని ముతక గుడ్డతో వీపుకి కట్టుకుంది. పక్కనే ఖాళీ బిందెలు బోర్లించి ఉన్నాయి. పుట్టింటికని సర్దిన బుట్ట అరుగు మీద అలాగే ఉంది. తండ్రిని చూసి చీపురు ఆపింది గానీ కూర్చోమనలేదు.

"ఏటయ్యా, ఇలాగొచ్చినావు?"

"పిల్లని సూద్దామని."

"పిల్లని దాటనియ్యొద్దన్నావు కదా. నువ్వెలాగ దాటేసినావు?"

గాసి కర్రని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "అది నా మాట కాదమ్మీ. కామేష్ రాసిచ్చినాడు, నాను సెప్పినాను. బారికి నోట మాట బారికిది కాదు. నీకు తెల్దా?"

"తెలుసు. నీ యెనకాల తిరిగే పెరిగినాను." గొంతు పెంచలేదు భాను. "అలగైతే ఇప్పుడు సెప్పు. వాకిట్లో నిలబడ్డావు. నానెదురుగా ఉన్నాను. దాని మొకం కూడా ఇటే ఉంది. ఆ మాటే మల్లీ ఓసారి సెప్పు, ఇంటాను."

వీపు మీది బిడ్డ తల్లి భుజం మీదుగా తొంగిచూసింది. ఎవరీయన అన్నట్టు చూసి, కర్ర వంక చూసి, నోట్లో వేలు పెట్టుకుంది. గాసి నోరు తెరిచాడు. గెడ్డ అవతలికి వినపడే గొంతు నాలుక దాకా కూడా రాలేదు.

"సెప్పలేవు కదా," అంది భాను. "వాకిట్లో నిలబడి సెప్పలేనిది బారికి మాట ఎలగవుద్ది? మంచం మీద కూకొని సెప్పినావు. అది నీదే."

చెంబు తెమ్మని ఎవరూ ఆమెకి చెప్పలేదు. ఆమె తేలేదు. గాసికి దాహం వేసింది. అలవాటుగా వీధి కుళాయి వైపు చూశాడు. కుళాయి మూతిలో కందిరీగ మట్టిగూడు కట్టుకుంది.

చాలాసేపు దాన్నే చూశాడు. నీళ్ళు వచ్చే కుళాయిలో కందిరీగ గూడు పెట్టదు.

"ఈ కుళాయి రావట్లేదా?"

"తుఫానప్పట్నుంచీ లేదు," అన్నాడు లోపలి నుంచి వచ్చిన రవిబాబు. "మీరే కదా మావా, ఊటకి ఒంటిగా ఎల్లి కోసేసినారు." అని ఫోన్ తీసి చూపించాడు. అదే నల్లటి పైపు, అదే నున్నటి కోత. కింద రాసిన ఊరి పేరు ఒక్కటే వేరు.

గాసి అరుగు అంచున కూలబడ్డాడు. ఇంత జరిగినా రెండు ఊళ్ళలో ఒక్కడంటే ఒక్కడు గెడ్డ దాటి ఎదుటివాడి కుళాయి తిప్పి చూడలేదు. చూడాల్సిన మొదటివాడు తనే. ఊటకి రండి అని పిలవాల్సినవాడు మంచం మీద కూర్చుని దండాలు లెక్కపెట్టుకున్నాడు.

ఈలోపు కబురు తెలిసి నాయుడు ఫల్గుణ వచ్చాడు. ముసలాడైపోయాడు గానీ చూపు పాతదే.

"గాసీ, బారికిగా ఒచ్చినావా, సుట్టంగా ఒచ్చినావా?"

"నాకే తెల్దు నాయుడా. మా కుళాయిలూ ఎండిపోయినాయి. మీరు కోసినారని మావోళ్ళు అంటన్నారు."

వెనక ఉన్న కుర్రాళ్ళు గొణిగారు. అబద్ధమని ఒకడు, నాటకమని ఒకడు. ఫల్గుణ వాళ్ళ వైపు తిరగలేదు. కుళాయి దగ్గరికి నడిచి, చిటికెన వేలితో మట్టిగూడు రాల్చి, తిప్పి చూశాడు. గాలి కూడా రాలేదు.

"అలగైతే జవాబు పట్టుకెల్లు," అన్నాడు. "రేపు ఎండెక్కినాక ఊట దారిలో ఏనుగు బండ కాడ నిలబడతాం. కోడిని మేము తెత్తాం. ఊటకి రమ్మను."

గాసి లేచాడు. భాను బిడ్డని ముందుకి తిప్పుకుని పాలిస్తోంది. వెళ్ళొస్తానన్నా తలెత్తలేదు. తిరుగు దారిలో గెడ్డ మధ్యన ఆగాడు. నీళ్ళు మోకాళ్ళ చుట్టూ తళతళలాడుతున్నాయి. దోసిలి పట్టబోయి, నోట్లో జవాబు ఉందని గుర్తొచ్చి, వట్టి చేతులు పంచెకి తుడుచుకుని గట్టెక్కాడు.

కొత్త అలవాటు ఒక పట్టాన పోదు. ఇంటికొచ్చి ముందు ఫోనే తీశాడు. గుమ్మడిగరువులోనూ నీళ్ళు లేవని, రేపు ఊటకి పిలుస్తున్నారని గ్రూపులో చెప్పాడు. ఒక్క బొటనవేలు లేవలేదు. కాసేపటికి ఎవరో అన్నారు, కూతురి కోసం అమ్ముడైపోయాడని. రమ్మని పిలిచి ఊట దగ్గర నరుకుతారని ఇంకొకరు. గాసి మళ్ళీ చెప్పబోతే ఫోన్ చెప్పనివ్వలేదు. సోములమ్మ చెల్లెలి కొడుకుని పిలిచి చూపిస్తే, నిన్ను తీసేశారు పెదనాన్నా అన్నాడు.

ఇంత గొంతున్న బారికిని ఒక వేలు నొక్కి నోరు మూయించారు. తండ్రి కాలంలో బారికిని ఊరు దాటించాలంటే ఊరంతా కూర్చుని ఒక పూట వాదించుకోవాలి.

సోములమ్మ గోడకి చేరవేసిన కర్ర తెచ్చి అతని చేతికిచ్చింది. "కాళ్ళు తియ్యలేదు కదా," అంది.

మొదటి వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాడు. మొహం చూసి చెప్పాడు. "గుమ్మడిగరువు కుళాయిలూ ఎండిపోయినాయి. నా కళ్ళతో సూసినాను. రేపు ఎండెక్కినాక ఏనుగు బండ కాడ నిలబడతారు. ఊటకి రమ్మన్నారు." గొంతు సాగదీయలేదు, కొస విరవలేదు. ఆ ఇంటి ఇల్లాలు లోపలికెళ్ళి చెంబు తెచ్చింది. గెడ్డ నుంచి మోసుకొచ్చిన నీళ్ళు. గాసి చెంబు అందుకుని పెదాలు తడవనివ్వకుండా అరుగు మీద పెట్టాడు. ఊరంతటికీ చెప్పేదాకా జవాబు నోట్లో ఉన్నట్టే.

రెండో ఇంట్లోనూ ఇచ్చారు. మూడో ఇంట్లో తలుపు వేసుకున్నారు. ఇంకో ఇంట్లో పొద్దున్నే గ్రూపులో నరుకుదాం అన్నవాడే వాకిట్లోకి వచ్చి, కూకో అన్నా, నిలబడ్డావేటి అన్నాడు. అన్న మాట గురించి గాసీ అడగలేదు, అతనూ ఎత్తలేదు.

కామేష్ ఇల్లు ఆఖరుది. వాకిట్లో డ్రమ్ముల నిండా కాఫీ పళ్ళు బురబురా నురగ కడుతున్నాయి. ఆ ఏడు పంట నీళ్ళు లేక అలా పోతోంది. గ్రూపులో పులి, వాకిట్లో కాలి బొటనవేలితో నేల గీస్తూ నిలబడ్డాడు. గాసి చెప్పాల్సింది చెప్పాడు.

"ఇప్పుడు నేను ఎల్దామంటే నన్ను కూడా అమ్ముడైపోయినోడంటారు బాబాయ్," అన్నాడు కామేష్ చివరికి, చాలా చిన్న గొంతుతో.

"అంటారు."

"రోజూ ఏదో ఒకటి రాయకపోతే ఏటయిపోయినావని అడుగుతున్నారు. నిన్నటి కంటే గట్టిగా రాయమంటారు." డ్రమ్ముల వైపు చూశాడు. "నాకూ అలుపొచ్చింది."

గాసికి అతని మీద ఉన్న కోపం అక్కడ సగం పోయింది. మిగతా సగం తన మీదకి మళ్ళించుకున్నాడు. కామేష్ లోపలికెళ్ళి, తనే చెంబు తెచ్చి ఇచ్చాడు. ఆ చెంబు నీళ్ళు గాసి గటగటా తాగేశాడు.

మర్నాడు ఏనుగు బండ దగ్గర రెండు ఊళ్ళ మగవాళ్ళూ ఎడమెడంగా నిలబడ్డారు. అందరూ రాలేదు, వచ్చినవాళ్ళలో కొందరి చేతుల్లో గొడ్డళ్ళు ఉన్నాయి. కట్టెలకని చెప్పుకున్నారు. అలాగే ఎడమెడంగా కొండెక్కారు.

ఊట దగ్గర చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. తుఫాను వానకి పైనుంచి బండ ఒకటి జారి పైపు మీద కూర్చుంది. రెండుగా చీలేచోటుకి ఎగువనే పైపు నలిగిపోయి, బురదలో కూరుకుపోయి ఉంది. కోత లేదు, కత్తి లేదు. కామేష్, రవిబాబు ఇద్దరూ ఒకేసారి ఫోన్లు తీశారు, పక్కపక్కనే పెట్టి చూశారు. ఇన్నాళ్ళూ చూసిన ఫొటోయే. ఇప్పుడు కామేష్ ఫొటోలో పైపు వెనకాల ఉన్నదాన్ని చూపించాడు. కొబ్బరి మట్ట. ఈ కొండల మీద కొబ్బరి ఎక్కడిది? కింద మైదానంలో ఎవరిదో పైపు, ఎవరిదో గొడవ. అందరూ కోతనే చూశారు గానీ మట్టని చూసినవాడు లేడు.

ఎవరూ నవ్వలేదు, ఎవరూ క్షమించమని అడగలేదు. కోడినిచ్చారు. బండ కింద గడ్డపారలు పెట్టారు. ఒక ఊరివాళ్ళతో కదలనంటే కదలని బండ అది. సాయంత్రానికి రెండు ఊళ్ళలోనూ కుళాయిలు ముందు ఎర్రటి బురద కక్కి, తర్వాత తెల్లటి నీళ్ళిచ్చాయి.

నీళ్ళు వచ్చాయి, భాను రాలేదు.

కామేష్ ఆ చాటింపుని గ్రూపులోంచి తుడిచేశానని వచ్చి చెప్పాడు. గాసిని మళ్ళీ గ్రూపులో చేర్చాడు కూడా. గాసి తలూపాడు. గ్రూపులోది తుడిస్తే పోతుందేమో, కూతురి చెవిలో పడింది ఎలా పోతుంది? గ్రూపు అప్పటికే మరో ఊరి మీదో, మరో సంగతి మీదో మండిపడడం మొదలుపెట్టింది. సోములమ్మ రోజూ గెడ్డ దారి వంక చూస్తూ చోళ్ళు ఎండబెట్టేది, సాయంత్రం ఎత్తి లోపల పెట్టేది.

బారికి చాటిన మాటని బారికే వెనక్కి తీసుకోవాలి. అది తండ్రి చెప్పిన కట్టుబాటు కాదు. రెండు రాత్రులు నిద్రపట్టక గాసే కనిపెట్టుకున్నాడు. పొద్దున్నే పంచె ఉతికి కట్టుకుని, కర్ర తీసుకుని గెడ్డ దాటాడు.

భాను కుళాయి దగ్గర బిందె నింపుకుని వస్తోంది. బిందె దించి, వాకిట్లో నిలబడ్డ తండ్రిని చూసింది. రవిబాబు చేతిలో బిడ్డ ఉంది. ఇరుగుపొరుగువాళ్ళు ఇటే చూస్తున్నారు.

గాసి గొంతు సవరించుకున్నాడు. ఊరందరికీ వినపడేలాగే ఎత్తుకున్నాడు. "ఓ గుమ్మడిగరువోళ్ళారా, ఇనండి. సీలపుట్టు బారికి గాసి సెప్తన్నాడు. భాను, దాని బిడ్డ గెడ్డ దాటి పుట్టింటికి రావాలి. వాళ్ళమ్మ అంబలి కాసి కూకున్నాది." అక్కడికి ఆగాడు. ఇంకో మాట మిగిలే ఉంది.

భాను కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఈ మాట ఎవరు పంపినారు? మీ వూరా, కామేషా?"

గాసి కర్రని నేలకి ఆనించాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచి మోసిన మాటలన్నీ ఎవరో ఒకరివి. పెళ్ళి మాటలు, చావు మాటలు, ఎద్దు కాళ్ళ మాటలు, చివరికి కూతురి గుండెలో గుచ్చిన మాట కూడా.

"ఎవరూ పంపలేదమ్మీ," అన్నాడు. "ఇది నాదే."

భాను బిందె ఎత్తుకుని ఇంట్లోకి వెళ్ళింది. గాసి కదలకుండా నిలబడ్డాడు. లోపల గిన్నెలు కదిలిన చప్పుడు వినపడింది, తర్వాత ఏమీ వినపడలేదు. తిరిగి వచ్చినప్పుడు ఆమె ఒక చేతిలో పుట్టింటికని సర్దిన బుట్ట ఉంది, రెండో చేతిలో నీళ్ళ చెంబు ఉంది.